మునెమ్మ చెప్పిన కబురు

గోడ బల్ల మీద బోర్లించిన స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి. ఆ వెంటనే కాళ్ల కింద నేల ఒక్కసారి లేచి కూర్చున్నట్టయింది. పగలు పదకొండు దాటింది. నేను చాటలో బియ్యం ఏరుతున్నాను. చాట అలాగే పట్టుకుని నిలబడిపోయాను. "వచ్చింది," అనుకున్నాను. "ఇన్నాళ్లకి నా దగ్గరికే వచ్చింది."

కోలారు బంగారు గనుల్లో కాపురం చేసేవాళ్లకి ఈ కుదుపు కొత్త కాదు. మైలుకు పైగా లోతున ఒత్తిడికి రాయి పగులుతుంది. ఎయిర్ బ్లాస్ట్ అంటారు. చాలాసార్లు ఎవరికీ ఏమీ కాదు. కింద పడిన గ్లాసు ఎత్తిపెట్టి మళ్లీ పనిలో పడతాం. ఆ రోజు మాత్రం నేను పనిలో పడలేదు. మా ఆయన ఎప్పుడో గానీ గనిలోకి దిగరు. ఆ పొద్దున దిగుతున్నానని చెప్పి వెళ్లారు.

నేను దయ్యాల్ని నమ్మే మనిషిని కాను. కోలారులో బి.ఎస్సీ. చదివాను. మా దగ్గర దయ్యాల కథలకి కొదవ లేదు. మూసేసిన షాఫ్టులో, అంటే గని బావిలో, సుత్తి చప్పుడు వినిపించిందని ఒకరు, బంగారం తీసేశాక మిగిలిన మట్టి పోసిన సయనైడ్ దిబ్బల మీద ఎవరో నడిచారని ఒకరు. కుళాయి దగ్గర ఆడవాళ్లు చెప్పుకుంటుంటే నవ్వి, బిందె ఎత్తుకుని వచ్చేసేదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను. పిల్లలూ ఆయనా పడుకున్నారు. రాసేటప్పుడు ఏదీ కల్పించకూడదని మాత్రం అనుకున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. అది చెప్పకపోతే మిగిలింది చెప్పి లాభం లేదు.

మా ఆయన గనిలో హాజరు రాసే టైం ఆఫీసులో గుమాస్తా. గనులు ప్రభుత్వం చేతికి వచ్చిన చాలా ఏళ్లకి చేరారు. ఆ ఆఫీసులో గోడంత చెక్క బోర్డు ఉంటుంది. దాని మీద వరసలుగా మేకులు, మేకుకో ఇత్తడి బిళ్ల, బిళ్ల మీద మనిషి నంబరు. గనిలోకి దిగేవాడు తన బిళ్ల తీసుకుని దిగుతాడు. పైకి వచ్చాక మళ్లీ తగిలిస్తాడు. బిళ్ల ఉంటే మనిషి పైన ఉన్నట్టు, మేకు ఖాళీగా ఉంటే కింద ఉన్నట్టు. ఎయిర్ బ్లాస్ట్ పెద్దదైతే ఆడవాళ్లంతా గని గేటు దగ్గరికి పరిగెత్తి అడిగేది ఒకటే మాట: "బిళ్ల ఉండాదా?"

ఆ తోపులాటలో జవాబు దొరకనివాళ్లు కొందరు మా ఇంటికి వచ్చేవాళ్లు. గుమాస్తా భార్యకి తెలిసి ఉంటుందని వాళ్ల ఆశ. నిజానికి నాకేమీ తెలిసేది కాదు. ఆఫీసు నుంచి నాకు కబురు పంపేవాళ్లు ఎవరూ లేరు.

మునెమ్మ మాకు పాలు పోసేది. బైరకూరు దగ్గర పల్లె ఆమెది. భర్త నారాయణప్ప గనిలో పైకప్పు కూలకుండా కొయ్య దిమ్మెలు నిలబెట్టే పని చేసేవాడు. కూలీల వరస ఇళ్లలో, మేము లైన్లు అంటాం, ఒక గేదెను కట్టుకుని నాలుగిళ్లకు పాలు పోసేది. నలభై ఐదేళ్లు ఉండొచ్చు. గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు. పిల్లలు లేరు. పాలు పల్చగా ఉన్నాయని నేను సణిగితే ఊరుకునేది కాదు.

"బీయెస్సీ చదివినావు గదమ్మా! నీళ్లు యాడుండాయో వేరు చేసి చూపీ, నేను ఎత్తుకుపోతాను," అనేది.

చెవులకు ఇత్తడి కమ్మలు పెట్టుకునేది. "మా ఇంటాయన ఇరవై ఏండ్లుగా బంగారు తవ్వుతా ఉండాడు. పెండ్లాము చెవులు మాత్రం ఆయప్పకి కనపళ్లేదు," అని తనే నవ్వేది. మా రమ, శీను ఇద్దరూ పాల చెంబు చప్పుడు వినపడగానే గేటు దగ్గరికి పరిగెత్తేవాళ్లు.

రెండేళ్ల కిందట వేసవిలో శీనుకి తట్టు పోసింది. వాడికప్పుడు మూడేళ్లు. ఒళ్లు పెనంలా కాలుతోంది. మా అత్తగారు బంగారుపేట నుంచి వచ్చి గుమ్మానికి వేపమండలు కట్టి, ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో చెప్పి వెళ్లారు. తాలింపు పెట్టకూడదు. బయటివాళ్లని లోపలికి రానివ్వకూడదు. "ఇంట్లో అమ్మవారు ఉన్నప్పుడు గడప కాడ ఎవురూ ఏడవగూడదు. ఆ ఏడుపు బిడ్డకి తగులుతుంది. గుర్తు పెట్టుకో," అని రెండుసార్లు చెప్పారు. తట్టు ఎందుకు వస్తుందో నేను కాలేజీలో చదువుకున్నాను. అయినా ఆ మాట మనసులో మేకులా దిగింది.

మూడో రోజు పొద్దున పది గంటలకు పెద్ద ఎయిర్ బ్లాస్ట్ వచ్చింది. క్యాలెండరు ఊడి కిందపడింది. పావుగంటకంతా మునెమ్మ మా ఇంటి గేటు తోసుకుని వచ్చింది. వేపమండల కింద, గడప ముందు నిలబడి ఏడుపు మొదలుపెట్టింది.

"అమ్మా, మా ఇంటాయన పొద్దు షిఫ్టుకి పోయినాడు. గేటు కాడ ఎవురూ పలకలేదు. బిళ్ల ఉండాదో లేదో చెప్పు తల్లీ."

లోపల శీను మూలుగుతున్నాడు. నేను ఆమె ముఖం చూడలేదు. చెంపల మీంచి కారి గడప మీద పడబోతున్న నీళ్లనే చూస్తున్నాను. ఆమె అక్కడి నుంచి వెళ్లిపోవాలి. నాకు అంతే కావాలి.

"బిళ్ల ఉంది మునెమ్మా. ఆఫీసు నుంచి ఇప్పుడే చెప్పి పంపినారు. మీ ఆయన పైనే ఉన్నాడు. ఏడవకుండా ఇంటికి పో," అన్నాను.

ఎవరూ చెప్పి పంపలేదు.

ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంది. "నీ నోట్లో చక్కెర పొయ్యా! ప్రాణం లేచి వచ్చినాది. ఇంగ బంగారుపేటకి పోయి గేదెకి తవుడు తెచ్చుకుంటాను, రెండు దినాలుగా లేదు," అంటూ వెళ్లింది. పది అడుగులు వేసి వెనక్కి తిరిగి, బిడ్డ జాగ్రత్త అన్నట్టు లోపలికి చేయి చూపింది.

నారాయణప్పను పదకొండున్నరకి పైకి తెచ్చారు. ప్రాణం ఉంది. ఆసుపత్రిలో మూడు గంటలకు పైగా బతికాడు. తెలివిలోనే ఉన్నాడు. "మునెమ్మ యాడ?" అని వచ్చినవాళ్లందరినీ అడిగాడట. మనుషులు లైన్లకి పరిగెత్తారు. ఇంటికి తాళం. ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నన్నెవరూ అడగలేదు. సాయంత్రం రైలు దిగి, నెత్తిన తవుడు మూటతో ఆమె నడిచి వస్తుంటే దారిలో ఎవరో చెప్పారు.

నా అబద్ధం వల్ల అతను చనిపోలేదు. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో! అది నిజమే. కానీ ఆ మూడు గంటలు వాళ్లిద్దరివి. వాటిని నేను లేకుండా చేశాను. నా గడప మీద రెండు కన్నీటి బొట్లు పడకూడదని చేశాను.

శీనుకి తట్టు తగ్గిపోయింది.

పదిహేను రోజుల తర్వాత మునెమ్మ వచ్చింది. గేదెను ఇచ్చేశానని, పల్లెకు పోతున్నానని చెప్పింది. ఆ రోజు కూడా గడప బయటే నిలబడింది. నేను లోపలికి రమ్మన్నాను. రాలేదు. నేల చూస్తూ అడిగింది.

"ఆ పొద్దు బిళ్ల ఉండాదని ఎవురు చెప్పిరమ్మా నీకు?"

ఆమె గొంతులో కోపం లేదు. నేను నిజం చెప్పడానికి ఆమె ఇచ్చిన వీలు అది. నాకప్పుడు అర్థం కాలేదు.

"ఎవరో ఆఫీసు మనిషి. తప్పు చెప్పినట్టున్నాడు," అన్నాను.

ఆమె నా వంక చూసింది. తర్వాత, "పోనీలేమ్మా. చిన్నోనికి మచ్చలు తగ్గినాయా?" అంది. తగ్గాయన్నాను. తల ఊపి వెళ్లిపోయింది.

నిజం చెప్పాలని నేను అనుకోలేదని కాదు. బైరకూరుకు పోయి ఆమె చేతులు పట్టుకుని చెప్పాలనుకున్నాను. ఈ ఆదివారం కాకపోతే వచ్చే ఆదివారం అనుకుంటూ గడిపాను. శీను మొక్కు తీర్చడానికి కురుడుమలె వినాయకుడి గుడికి కూడా పోయాం. అక్కడి నుంచి బైరకూరు ఎంత దూరమో నాకు తెలుసు. గుడి చుట్టూ నూట ఎనిమిది ప్రదక్షిణలు చేశాను గానీ బైరకూరు బస్సు ఎక్కలేదు. ఎండ ఎక్కువగా ఉంది, పిల్లలు అలసిపోతారు అన్నాను. మా ఆయన తిరుగు బస్సుకి టిక్కెట్లు తీసుకున్నారు.

తర్వాత ఆరు నెలలకు ఆయన అన్నం తింటూ చెప్పారు. "మునెమ్మ పోయినాదంట. జ్వరమంట. వాళ్ల పల్లె మనిషి చెప్పినాడు." నేను మజ్జిగ పోస్తున్నాను. పోస్తూనే ఉన్నాను. కంచం నిండి కిందికి కారింది.

ఆ రోజు నుంచి నాకు భయం పట్టుకుంది. దయ్యం భయం కాదు. చేసింది తిరిగి వస్తుందన్న భయం. చిన్నప్పటి నుంచి కర్మ అంటే నేను విన్నది అదే. రమకి దగ్గు వస్తే ఇదేనేమో అనుకునేదాన్ని. శీను గోడ మీంచి దూకితే ఇదేనేమో అనుకునేదాన్ని. ఆయన రావడం అరగంట ఆలస్యమైతే గేటు పట్టుకుని నిలబడేదాన్ని. అలా ఏడాదికి పైగా ఎదురుచూశాను. అందుకే ఆ పొద్దున గ్లాసులు మోగగానే, వచ్చింది అనుకున్నాను.

రమ బడిలో ఉంది. శీనుని పక్కింటామెకు అప్పగించి పరిగెత్తాను. చెప్పులు వేసుకున్నానో లేదో గుర్తు లేదు. గేటు దగ్గర ముప్పై నలభై మంది ఆడవాళ్లు ఉన్నారు. ఎప్పుడూ మా ఇంటికి వచ్చి అడిగేవాళ్లలో నేను చేరాను. ఒకామె నన్ను గుర్తుపట్టి, "అయ్యో, టైం ఆఫీసు ఇంటామె కూడా వచ్చినాదే! ఇంగ మనకెవురు చెప్తారు?" అంది. ఎగతాళి కాదు. నిజంగా భయపడి అంది.

ఆఫీసు ప్యూను గోవిందు నాకు తెలిసినవాడు. నన్ను చూసి కమ్మీల దగ్గరికి వచ్చాడు.

"బిళ్ల ఉందా గోవిందూ?"

అతను అబద్ధం చెప్పలేదు. "లేదమ్మా. తీసుకుని పోయినాడు. కేజు కాడికి పోతా ఉంటే నేనే చూసినాను," అన్నాడు. కేజు అంటే గనిలోకి మనుషుల్ని దింపే లిఫ్టు. "తెలిస్తే మొదట నీకే చెప్తాను," అని లోపలికి పోయాడు.

గేటు పక్కన సైకిళ్ల షెడ్డు ఉంది. దాని నీడలోకి పోయి స్తంభానికి ఆనుకున్నాను. ఎంతసేపు అలా ఉన్నానో చెప్పలేను. ఎవరో నా మోచెయ్యి పట్టుకున్నారు. అరచేయి గరుకుగా, చల్లగా ఉంది.

"బిళ్ల లేదని బెదురుకోవద్దు తల్లీ. నీ మొగుడు పైనే ఉండాడు. లోపలికి దిగనే లేదు."

తల తిప్పాను. మునెమ్మ. గడ్డం మీద మూడు చుక్కలు, చెవులకు అవే కమ్మలు. ఆకుపచ్చ నూలు చీర. ఎండలో నడిచి వచ్చిన మనిషిలా నుదురు తడిగా ఉంది.

ఆమె చనిపోయిందన్న సంగతి ఆ క్షణంలో నాకు గుర్తుకు రాలేదు. ఇది చదివేవాళ్లు నమ్మకపోవచ్చు. నా మనసులో ఒకటే ప్రశ్న ఉంది, దానికి ఒకరు జవాబు చెప్పారు. అంతే.

"నిజమేనా మునెమ్మా?" అన్నాను.

"నేను అబద్ధమెందుకు చెప్తానమ్మా?" అంది. దెప్పుతున్నట్టు లేదు. పాలు ఇవాళ చిక్కగానే ఉన్నాయని చెప్పేటప్పుడు ఎలా అనేదో అలాగే అంది. "ఇంటికి పో. చిన్నోడు ఏడుస్తా ఉండాడు."

నేను ఇంటి వైపు నడిచాను. మలుపు తిరిగి పిండిమర దాకా వచ్చాక కాళ్లు ఆగిపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది.

వెనక్కి పరిగెత్తాను. షెడ్డులో సైకిళ్లు తప్ప ఏమీ లేవు. ఆడవాళ్లని అడిగాను. ఆకుపచ్చ చీర కట్టుకున్న మనిషిని చూశారా అని. "మేమంతా గేటు దిక్కే చూస్తా ఉంటిమి. నీ వెనకాల ఎవురుండారో ఎవురికి తెలుసు?" అన్నారు. అది నిజమే. ఎవరూ చూడలేదని చెప్పగలను గానీ, ఎవరూ లేరని చెప్పలేను.

ఇంటికి వచ్చేసరికి పక్కింటి వసారాలో శీను గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

మా ఆయన మూడు గంటలకు వచ్చారు. బిళ్ల ఆయన జేబులోనే ఉంది. బిళ్ల తీసుకుని కేజు దగ్గర వరసలో నిలబడ్డారట. అంతలో పైఅధికారి పిలిచి, ఇంకో షాఫ్టు ఆఫీసు నుంచి పాత హాజరు పుస్తకం తెమ్మన్నారట. వెనక గేటు నుంచి నడిచి పోయారు. బిళ్ల తిరిగి తగిలించడం మరిచిపోయారు. ఆయన ఎన్నడూ మరవని పని అది. కింద ఇద్దరికి దెబ్బలు తగిలాయి. ప్రాణాలు దక్కాయి.

తర్వాత చాలా ఆలోచించాను. ఆయన వెనక గేటు నుంచి పోవడం ఎవరో ఒకామె చూసి ఉండొచ్చు. నన్ను చూసి జాలిపడి చెప్పి ఉండొచ్చు. గడ్డం మీద పచ్చబొట్టు మా వైపు ఎందరికో ఉంటుంది. భయంలో నా కళ్లే ఆమెకు మునెమ్మ ముఖం తగిలించి ఉండొచ్చు. ఇవన్నీ కుదురుతాయి. కానీ మునెమ్మా అని పిలిస్తే ఆమె పలికింది. శీను ఏడుస్తున్నాడని చెప్పింది. నా మోచేతికి ఆ గరుకు చాలాసేపు ఉంది. ఇవి కుదరవు.

ఆ సాయంత్రం ఆయనకి అంతా చెప్పాను. రెండేళ్లుగా దాచింది కూడా. చెప్తున్నంతసేపూ ఆయన మంచం అంచున కూర్చుని వింటూ ఉన్నారు. చివరికి, "నాకు తెలుసు," అన్నారు.

నారాయణప్ప పోయిన పది రోజులకి మునెమ్మ కాగితాల మీద వేలిముద్ర వేయడానికి ఆఫీసుకు వచ్చిందట. "బిళ్ల ఉండాదని అమ్మకి నువ్వే చెప్పి పంపినావా సామీ?" అని అడిగిందట. నన్ను కాపాడాలని ఆయన, తానే పొరపాటున చెప్పి పంపానని అన్నారట.

"ఆమె ఏమన్నది?" అని అడిగాను.

"నా మొకం చూసి, 'నువ్వు అట్ల చెప్పే మనిషివి కాదులే సామీ,' అనింది. ఇంగేమీ అడగలేదు."

అంటే ఆ తర్వాత మా ఇంటికి వచ్చినప్పుడు ఆమెకి అంతా తెలుసు. తెలిసే, గడప బయట నిలబడి నన్ను అడిగింది. నేను మళ్లీ అబద్ధం చెప్పాను. అది అబద్ధమని కూడా ఆమెకి తెలుసు. అప్పుడే శీను మచ్చలు తగ్గాయా అని అడిగింది.

షెడ్డులో నా చెయ్యి పట్టుకున్నది ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. నిజం చెప్పాలంటే, దానికంటే ఎక్కువ అర్థం కానిది ఆమె బతికున్నప్పుడు అడిగిన ఆ మాటే. నేను చేసింది నాకు తిరిగి వస్తుందని ఏడాదికి పైగా భయపడ్డాను. వచ్చింది. అదే గేటు, అదే ప్రశ్న, అడిగేదాన్ని నేను. కానీ నేను ఇచ్చిన అబద్ధం కాదు నాకు దొరికింది. ఆమె దగ్గర ఏముందో అదే ఇచ్చింది. దీన్ని కర్మ అంటారో, ఇంకేమంటారో పెద్దవాళ్లు చెప్పాలి. శిక్ష పడి ఉంటే ఇంతకంటే తేలిగ్గా ఉండేదని మాత్రం నాకు తెలుసు. క్షమించమని అడగడానికి ఇప్పుడు ఏ బస్సు ఎక్కినా ఆమె లేదు.

మరుసటి రోజు పొద్దున రమకి జడ వేస్తూ, శీనుని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"మునెమ్మకి నేను అబద్ధం చెప్పినాను," అన్నాను. "ఆమె ఏడుస్తా వచ్చి వాళ్లాయన ఎట్లుండాడని అడిగింది. నాకు తెలియదు. తెలుసని చెప్పి, బాగుండాడని చెప్పి పంపించేసినాను. ఆయన ఆసుపత్రిలో ఆమె కోసం అడిగి అడిగి చనిపోయినాడు."

రమ తల తిప్పబోయింది. జడ నా చేతిలో ఉండిపోయింది.

"ఎందుకమ్మా అట్ల చెప్పినావు?"

"ఆమె తొందరగా వెళ్లిపోవాలని."

"ఆమెకి కోపం రాలేదా?"

"రాలేదు."

"ఎందుకు రాలేదు?"

"నాకు తెలియదు రమా."

శీను నా ముఖాన్నే చూస్తున్నాడు. వాడికి ఎంత అర్థమైందో చెప్పలేను. జడ చివర రిబ్బను ముడి వేసి, ఇద్దరి చేతులూ పట్టుకుని చెప్పాను.

"ఎవరైనా ఏడుస్తా మన ఇంటికి వస్తే, తెలియనిదాన్ని తెలుసని చెప్పొద్దండి. తెలియదని చెప్పండి. చెప్పి, చెప్పులేసుకుని వాళ్లతో కూడా పోండి. నేను వద్దన్నా పోండి."